గ్రేట్ ఓషన్ రోడ్ టూర్: అమ్మకి వాంతులైతే ఎలా?

అన్నా, తిరుమల ఘాట్‌లోనే వాంతి చేసుకునే అమ్మని ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నుంచి, సముద్రం అంచున పోయే గ్రేట్ ఓషన్ రోడ్ ఒక్కరోజు టూర్‌కి తీసుకెళ్లొచ్చా అని అడిగారు కదా. తీసుకెళ్లండి. మాదీ తిరుపతే, మా అమ్మదీ అదే బాధ.

పెద్ద బస్సు వద్దు. పది పన్నెండు మంది పట్టే వ్యాన్ అయితే ముందు సీటు అడగొచ్చు, కడుపులో తిప్పితే ఆపమనొచ్చు.

రోడ్డు మొత్తం 243 కిలోమీటర్లు. లోర్న్ నుంచి అపోలో బే దాకా కొండ అంచున ఒకటే మలుపులు. అందుకని రివర్స్ టూర్ బుక్ చేయండి. పొద్దునే కోలాక్ మీదుగా లోపలి రోడ్డులో నేరుగా ట్వెల్వ్ అపోస్టల్స్ దగ్గరికి పోతారు. అమ్మ అలసిపోకముందే ఆ సముద్రపు రాళ్లు చూసేస్తుంది. (పేరుకే పన్నెండు, నిజంగా అన్ని ఎప్పుడూ లేవు. 2005లో ఒకటి కూలింది కూడా.) మలుపులు తిరుగు ప్రయాణంలో వస్తాయి, అప్పుడు సముద్రం కుడివైపు. కుడి కిటికీ పట్టండి.

ఆ దగ్గర్లోనే బీచ్‌కి దిగే గిబ్సన్ స్టెప్స్ 86 మెట్లే, అలిపిరి ఎక్కిన మనిషికి అదో లెక్కా! గాలి మాత్రం కోసేస్తుంది, స్వెట్టర్ మర్చిపోవద్దు.

వాంతుల మాత్ర డాక్టర్ని అడిగి బయల్దేరకముందే వేయండి. పొద్దున రెండు ఇడ్లీలు చాలు. మా అమ్మ పూరీలు తిని ఎక్కింది, ఇక చెప్పను.