సందేహాలు – సమాధానాలు: ‘ను’ ఎప్పుడు వదలకూడదు?

సందేహం: ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఒంట్లో ఇనుము రాకపోకలను నడిపే రెండు ప్రోటీన్ల గురించి నోట్సులో ‘హెప్సిడిన్ చేత ఫెర్రోపోర్టిన్ నాశనం చేయబడుతుంది’ అని రాశాను. అది తెలుగు వాక్యంలా లేదని మా తోటి టీచర్ ‘హెప్సిడిన్ ఫెర్రోపోర్టిన్ నాశనం చేస్తుంది’ అని దిద్దారు. ఇప్పుడు పిల్లలు ఏది దేన్ని నాశనం చేస్తుందని అడుగుతున్నారు. ఏది సరి?

సమాధానం: పిల్లలు సరిగ్గా పట్టుకున్నారు. మీ టీచర్ గారి దిద్దుబాటు మంచిదే, కానీ అందులో ఒక ‘ను’ జారిపోయింది. ‘హెప్సిడిన్ ఫెర్రోపోర్టిన్‌ను నాశనం చేస్తుంది’ అనాలి.

‘అన్నం తిన్నాడు’, ‘ఉత్తరం రాసింది’ అంటాం. ప్రాణం లేనివాటికి ‘ను’ చేర్చకపోవడం మనకు అలవాటు. బాలవ్యాకరణమూ దాన్ని ఒప్పుకుంది. అన్నం మనిషిని తినదు కాబట్టి అక్కడ అనుమానానికి చోటు లేదు. హెప్సిడిన్, ఫెర్రోపోర్టిన్ అలా కాదు. రెండూ జడాలే, రెండూ ప్రోటీన్ల జాతివే. ఎవరు కర్తో ఎవరు కర్మో చెప్పడానికి ఆ ‘ను’ తప్ప వేరే గుర్తు లేదు.

ఇక్కడ పొరపాటు పడితే శాస్త్రమే తలకిందులవుతుంది. ప్లీహంలో స్థూలభక్షక కణాలుంటాయి. ఇవి రోగనిరోధక కణాలు. సుమారు 120 రోజులు బతికి ముసలివైన ఎర్ర రక్తకణాలను మింగి, వాటిలోని ఇనుము బయటికి తీస్తాయి. ఆ ఇనుము తిరిగి రక్తంలోకి వెళ్లే తలుపు ఫెర్రోపోర్టిన్. కాలేయం నుంచి వచ్చిన హెప్సిడిన్ ఆ తలుపును పట్టుకుంటే, కణం దాన్ని లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది. ఇనుము లోపలే చిక్కుకుపోతుంది.

హెప్సిడిన్ ఒక హార్మోను. టెస్టోస్టిరాన్ అనే మరో హార్మోను దాన్ని తగ్గిస్తుంది. ఇప్పుడు ‘ఒక హార్మోను మరో హార్మోను తగ్గిస్తుంది’ అని రాసి చూడండి. ‘మరో హార్మోనును’ అంటే తప్ప అర్థం నిలబడదు. ఇలాంటి చోట ‘ప్రభావితం చేస్తుంది’ అని సరిపెట్టకండి. పెంచుతుందో తగ్గిస్తుందో చెప్పండి, పిల్లలకు కావలసింది అదే.

ఇక ‘చేయబడుతుంది’ సంగతి. ఫెర్రోపోర్టిన్ గురించి చెబుతున్నాను కాబట్టి ఆ మాట ముందు రావాలని మీరు అలా రాసి ఉంటారు. అందుకు ‘బడు’ అక్కర్లేదు. ‘ఫెర్రోపోర్టిన్‌ను హెప్సిడిన్ నాశనం చేస్తుంది’ అనండి. ‘ను’ ఉంటే మాటల్ని ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు, అర్థం చెదరదు. తెలుగుకున్న గొప్ప సదుపాయం ఇది.

అన్నిచోట్లా ‘ను’ తగిలించమని కాదు. ‘కణం ఇనుము దాచుకుంటుంది’ అంటే చాలు, ఇనుము కణాన్ని దాచుకోదు కదా. మాట్లాడేటప్పుడు ‘ఫెర్రోపోర్టిన్ని’ అన్నా తప్పులేదు. నోట్సులో మాత్రం ఏదో ఒక్క రూపమే చివరిదాకా ఉంచండి.