అల్లుడూ, బండి లాగుతాది గానీ ఆపాల్సింది నువ్వే

ఒరే అల్లుడూ, బీఎండబ్ల్యూ ఎమ్340ఐ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, సంతోషం రా. 2021 బండి అంటే 387 హార్స్‌పవర్, సున్నా నుంచి వందకి 4.4 సెకన్లని కంపెనీవోడి లెక్క, నరసన్నపేట దాటాక లారీని ఓవర్‌టేక్ చేద్దామా అని ఆలోచించే లోపే అయిపోద్ది. ఇలాంటి బళ్ళు ఏళ్ళ తరబడి నడిపినోడిని కాబట్టి నాలుగు ముక్కలు చెప్తాను.

నీ బండిలో ఇంజన్ పవర్ నాలుగు చక్రాలకీ వెళ్తాది, దానివల్ల బండి ఎత్తుకునేటప్పుడూ మలుపులోంచి బయటికి లాగేటప్పుడూ పట్టు దొరుకుతాది, అంతే. బ్రేకు కొట్టాక దానికీ మీ నాన్న స్విఫ్ట్‌కీ ఆ విషయంలో తేడా ఏటీ లేదు, ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ బ్రేకులే కదా. వానలో మోసం ఇక్కడే, జారకుండా ఎత్తుకుంటాది కాబట్టి రోడ్డు బాగుందనిపిస్తాది, తీరా ఎచ్చెర్ల దగ్గర గేదె అడ్డొచ్చినప్పుడు తెలుస్తాది. వంద మీద సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతావు, కాలు బ్రేకు మీదకి వెళ్ళేసరికే అంత దూరం అయిపోద్ది. హైవే మీద లిమిట్టు కూడా వందే, గుర్తుంచుకో.

ఇంక టైర్లు. డబ్బులు పోయేది ఇక్కడే. ఒక టైరు సైడు కోసుకుపోతే ఆ ఒక్కటే కొత్తది వేసేస్తానంటాడు షాపువోడు, ఒప్పుకోకు. కొత్త టైరు చుట్టుకొలత అరిగినదానికన్నా ఎక్కువ, అందుకని తక్కువ చుట్లు తిరుగుతాది, జత కుదరని ఎడ్లని ఒకే కాడికి కట్టినట్టు ముందు వెనక చక్రాలకి పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో క్లచ్ ఎప్పుడూ సర్దుకుంటూ వేడెక్కి అరిగిపోద్ది, ఆ బిల్లు చూస్తే నాలుగు టైర్లూ చవకనిపిస్తాయి. ముందువి వెనకవి సైజు వేరుగా ఉంటే ఉండనీ, కంపెనీ ఇచ్చిందే వెయ్యి, బ్రాండూ రకమూ మాత్రం మార్చకు. బండి ఆగిపోతే రెండు చక్రాలెత్తి లాక్కెళ్ళే క్రేన్‌ని దగ్గరికి రానివ్వకు, బండి మొత్తాన్నీ పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్డే పిలు, వైజాగ్ నుంచి రావాల్సినా సరే.

మన పల్లె రోడ్ల సంగతి ఏ మాన్యువల్లోనూ ఉండదు. కోతలయ్యాక చోళ్ళూ ఉలవలూ రోడ్డు మీద పరిచేసి వచ్చే పోయే బళ్ళ చేత తొక్కిస్తారు కదా, బస్సు వెళ్ళిపోయిందని నువ్వూ ఎక్కించేస్తావేమో, నీ బండి నేలకి ఎంత దగ్గరో ఒకసారి కూర్చుని చూడు. ఎండు చెత్తంతా పోగై ఇరుసులకి చుట్టుకుంటాది, కొంత సైలెన్సర్ గొట్టం మీద ఇరుక్కుంటాది, ఆ వేడికి అంటుకుందంటే బండి దక్కదు. పక్కనుంచి పో, కుదరకపోతే వెనక్కి తిప్పు, దాటేసినా సరే ఆపి వంగి కిందకి చూసి ఇరుక్కున్నదంతా లాగెయ్.

కళింగపట్నం బీచ్‌లో ఇసకలోకి దింపరా అని ఫ్రెండ్స్ అంటారు, ఫోర్ బై ఫోర్ కదా అని. కాదురా, ఇది జీపు కాదు, పొట్ట ఇసకని తాకిందంటే చక్రాలు ఊరికే తిరుగుతాయి, తర్వాత ట్రాక్టరు కోసం వెతుక్కోవాలి.

పెట్రోలు 95 ఆక్టేన్‌ది దొరికితే అదే కొట్టించు, ఆక్టేన్ అంటే ఇంజన్‌లో పెట్రోలు ముందే అంటుకోకుండా తట్టుకునే లెక్క. గేరుబాక్సు జెడ్ఎఫ్ అనే జర్మనీ కంపెనీ వాళ్ళది, ఆయిలు జీవితాంతం ఉంటాదని బీఎండబ్ల్యూ వాళ్ళంటారు గానీ జెడ్ఎఫ్ వాళ్ళే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యలో మార్చమంటారు, కాబట్టి పాత ఓనరు సర్వీసు కాయితాలు అడిగి తీసుకుని నాకు ఫొటో పెట్టు. ఇన్సూరెన్సులో ఇంజన్ ప్రొటెక్ట్, అదే నీళ్ళు దూరి ఇంజన్ పాడైతే ఇచ్చేది, తీసెయ్యకు, తుఫాన్ల జిల్లా మనది.