పూతరేకుల ఆన్‌లైన్ అమ్మకాలకి కస్టమర్ల వివరాలు ఎలా వాడుకోవాలి?

ఆత్రేయపురం నుంచి వాట్సాప్‌లో పూతరేకులు అమ్ముతున్నామని, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకి డబ్బు పెట్టినా సంక్రాంతి దాటితే ఆర్డర్లు పడిపోతున్నాయని అడిగారు.

ముందు మీ ఆర్డర్ల పుస్తకం తియ్యండి. నొక్కితే వాట్సాప్ తెరుచుకునే ప్రకటనల రిపోర్టులో ముఖ్యంగా కనపడేది ఎంతమంది మాట కలిపారన్నది. ఎవరు కొన్నారు, ఎవరు మళ్ళీ వచ్చారు అన్నది మీ పుస్తకంలోనే ఉంటుంది.

గూగుల్ షీట్‌లో ఆర్డరుకో వరుస పెట్టండి: తేదీ, ఫోన్ నంబరు, కొన్నవారి ఊరు, పార్సిల్ పిన్‌కోడ్, రకం (పంచదార, బెల్లం, డ్రైఫ్రూట్), బాక్సులు, సొమ్ము, కొరియర్ ఖర్చు, ఏ ప్రకటన. నంబరు ఎప్పుడూ 10 అంకెలే రాయాలి. ఒకచోట ముందు 91 పెట్టి ఇంకోచోట వదిలేస్తే ఒకే మనిషి ఇద్దరుగా లెక్కకొస్తారు, మళ్ళీ కొన్నవాళ్ళు తక్కువగా కనపడతారు. "ఎక్కడ చూశారండీ" అని అడగక్కర్లేదు. ప్రకటనకో వాట్సాప్ లింకు పెట్టి, అందులో ముందే నింపిన వాక్యం మార్చండి. ఒకదానికి "బెల్లం పూతరేకులు కావాలి", ఇంకోదానికి "సారెకి పూతరేకులు కావాలి". వచ్చిన మొదటి మెసేజ్ చూస్తేనే ఏ ప్రకటనో తెలిసిపోతుంది.

అసలు పట్టుకోవాల్సింది ఇది: కొన్నవారి ఊరు, పార్సిల్ ఊరు వేరైతే చాలావరకు అది ఎవరికో పంపిన స్వీటు. ఇంట్లో తినడానికి కొన్నవాళ్ళకి బాక్సు అయిపోయే వేళకి గుర్తుచేస్తే చాలు. పంపేవాళ్ళకి వారం వారం మెసేజ్ పెడితే బ్లాక్ చేస్తారు. వాళ్ళకి సందర్భం ఉండాలి: ఆషాఢం సారె, శ్రావణంలో పెళ్ళిళ్ళు, గృహప్రవేశం. ఈ రెండు గుంపుల్నీ కలిపి సగటు తీస్తే ఏదీ తెలియదు.

తెలుగు నెలకి ఒక గడి తప్పకుండా ఉంచండి. అధిక శ్రావణం వల్ల 2023లో వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న వచ్చింది, 2024లో 16నే వచ్చేసింది. ఇంగ్లీషు తేదీలు పక్కపక్కన పెట్టి పోలిస్తే లేని పెరుగుదల, లేని తరుగుదల కనపడతాయి. సంక్రాంతిని కూడా కిందటి సంక్రాంతితోనే పోల్చాలి.

ప్రకటన గిట్టిందా అన్నది రెండో ఆర్డరు తేలుస్తుంది. ఉదాహరణకి 2,000 రూపాయలకి 10 మంది కొత్తవాళ్ళు వచ్చి, ఆర్డరుకి 120 మిగిలితే మొదట చేతికొచ్చేది 1,200. వాళ్ళలో 7 మంది ఇంకోసారి కొంటేనే 2,040 అయ్యి ఖర్చు దాటుతుంది. కాబట్టి సంక్రాంతికి వచ్చిన కొత్తవాళ్ళలో ఉగాదికి ఎందరు తిరిగొచ్చారో ప్రకటన వారీగా చూసుకుని, తిరిగొచ్చేవాళ్ళు లేని ప్రకటన ఆపెయ్యండి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టు (ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపేది) పెడితే, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ చేరుతుంది. బాక్సులో వేసే చీటీ మీద సేవ్ చేసుకోమని రాయండి. పండగ కబుర్లు పంపొచ్చా అని ఆర్డరప్పుడే అడిగి, వద్దన్నవాళ్ళని తీసెయ్యండి.

రెండో ఆర్డరు ఏదైనా ఒక ప్రాంతం నుంచే రావడం లేదంటే, ధర తగ్గించే ముందు ఆ పిన్‌కోడ్‌ల నుంచి రేకులు నలిగాయని, వానల్లో మెత్తబడ్డాయని ఫిర్యాదులు ఎన్ని వచ్చాయో చూడండి. అక్కడ మార్చాల్సింది ప్యాకింగు లేదా కొరియరు.