పుట్టినరోజు కబురు అందింది, అమ్మడూ

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

బుడ్డోడి మూడో పుట్టినరోజు ఫంక్షన్ హాల్లో కాకుండా ఇంట్లోనే చేస్తున్నారని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కూకట్‌పల్లిలో మీ సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు కళ్ళముందు మెదిలింది. సోఫాకీ టీవీకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడవాలి కదే! అందులో పదిహేనుమంది పిల్లలు అనేసరికి గుండె ఝల్లుమంది. అయినా ఎంత మురిసిపోయానో. వాడు పాకిన నేల మీదే వాడి పండగ చెయ్యాలనుకున్నావు. అప్పు చేసి ఆర్భాటం చెయ్యని పిల్లవి నువ్వు, చిన్నప్పటి నుంచీ అంతే.

పొద్దున్నే నలుగుపెట్టి తలంటు పోసి, కొత్త చొక్కాకి ఓ మూల పసుపు అద్ది తొడుగు. హారతి ఇవ్వు. ఇవి నీకు తెలిసినవే. మధ్యాహ్నం వాణ్ణి తప్పకుండా నిద్రపుచ్చు. సాయంత్రం ఐదింటికి పిలిచి, ఏడింటికల్లా అందరినీ పంపెయ్యి. ఎవరో ఆఫీసు నుంచి రాలేదని కేకు ఆపకు. పదిహేనుమంది వద్దు, ఎనిమిది మంది చాలు. పిలవనివాళ్ళ ఇళ్ళకి మర్నాడు కేకు ముక్కా, పులిహోరా పంపు. ఎవరూ ఏమీ అనుకోరు.

తిండి విషయంలో మాత్రం నా మాట దాటకు. పులిహోర పొద్దున్నే కలిపెయ్యి, సాయంత్రానికి ఊరి ఇంకా బావుంటుంది. పిల్లలకి కారం తగ్గించి, వేరుశనగ పలుకులు లేకుండా విడిగా తియ్యి. ఐదేళ్ళలోపు వాళ్ళకి పలుకు గొంతుకి అడ్డం పడుతుంది. ద్రాక్షపళ్ళు పెడితే నిలువునా చీల్చి పెట్టు. పాయసం మధ్యాహ్నమే చేసి చల్లార్చు. ఆ రెండు గంటలూ నీ ఇంట్లో స్టవ్ వెలగకూడదు. వేడివేడిగా నాలుగు బజ్జీలు వేద్దామని మీ అత్తగారంటే, పెద్దమ్మ వద్దందని నా పేరు చెప్పు. ఆవిడతో నేను మాట్లాడుకుంటాను.

ఎందుకింత పట్టుపడుతున్నానో నీకు తెలీదు. మీ అమ్మకి తెలుసు, నా మీద ప్రేమకొద్దీ ఎవరికీ చెప్పలేదు.

1986లో మీ అన్నయ్యకీ మూడో పుట్టినరోజే. విజయవాడ సత్యనారాయణపురంలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. ముందు గది, వెనక వంటిల్లు, మధ్య గుమ్మానికి తలుపు లేదు, పూల కర్టెన్ ఒకటి. పెరట్లో చాపలు వేసి పిల్లల్ని కూర్చోబెడదామనుకున్నాను. నాలుగింటికి వాన మొదలైంది. చాపలు లోపలికి తెచ్చేశాం. పక్క వాటాల పిల్లలంతా కలిసి పద్దెనిమిది మంది అయ్యారు. రంగు కాగితాల తోరణాలు, టేప్‌రికార్డర్‌లో పాటలు, నాకు కాళ్ళు నేల మీద ఆనలేదంటే నమ్ము.

సేమ్యా పాయసం అప్పుడే దింపాను. గట్టు మీద వత్తుల స్టవ్వూ, గ్లాసులూ, కేకు డబ్బా ఉన్నాయి. చోటు లేక ఆ ఇత్తడి తపేలా కింద పెట్టాను, కర్టెన్‌కి ఇవతల, గుమ్మం పక్కనే. తొందరగా చల్లారుతుందని మూత కూడా తీశాను. ఆ మూత నా చేతిలో ఉండగానే కరెంటు పోయింది. పిల్లలు ఒక్కసారి ఓ అని అరిచి, నవ్వుకుంటూ అటూ ఇటూ పరిగెత్తారు. పక్కవాటా పాప, నాలుగేళ్ళది, కర్టెన్ వెనక దాక్కుందామని వెనక్కి వెనక్కి నడిచింది. కాలు తపేలాలో పడింది.

ఆ అరుపు నీకు రాసి చెప్పలేను.

చీకట్లో అగ్గిపెట్టె కోసం వెతుక్కుంటున్నాం. ఎవరో సిరా పొయ్యమన్నారు. కాలితే ఇంకు పొయ్యాలని అప్పట్లో అందరూ అనేవారు. మీ పెదనాన్న బల్ల మీది సిరాబుడ్డి తెచ్చి పాదం మీద వొంపేశాను. ఇంకొకరు పేస్టు రాశారు. రిక్షా దొరికి ఆసుపత్రికి వెళ్ళేసరికి ముప్పావుగంట. డాక్టరు ఆ నీలం పాదం చూసి ఒకటే అడిగాడు: “నీళ్ళు పోశారా?”

మా పెరట్లో పెద్ద సిమెంటు గాబు ఉండేదే అమ్మడూ. ఆ వానకి అంచుదాకా నిండి పొర్లుతోంది. పది అడుగుల దూరం. ఒక్క చెంబు పొయ్యలేదు నేను.

ఆ పిల్ల తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. నెల రోజులపాటు రోజూ కట్టు మార్పించడానికి నేనే ఎత్తుకెళ్ళేదాన్ని. దారంతా నా మెడ చుట్టూ చేతులు వేసి, “ఆంటీ, పాయసం పారబోశారా?” అని అడిగేది. ఇన్నేళ్ళూ సేమ్యా పాయసం నా నోట పెట్టుకోలేదు. దాని పెళ్ళికి వెళ్ళాను. సన్నికల్లు మీద పాదం పెట్టించి మెట్టెలు తొడుగుతుంటే, చీలమండ చుట్టూ ఆ మచ్చ దీపం వెలుగులో మెరిసింది. పక్కనే కూర్చున్న వాళ్ళమ్మ చూసి, నా చెయ్యి పట్టుకుని నొక్కింది. అంతే.

అందుకని, వేడిగా ఉన్నది ఏదైనా సరే నేల మీద పెట్టకు. పిల్లల లోకం నేల మీదే ఉంటుంది. బల్ల మీద గుడ్డ పరవకు, పట్టుకు లాగుతారు. వంటింటి గుమ్మానికి అడ్డంగా ఎవర్నైనా పెద్దవాళ్ళని కూర్చోబెట్టు. ఎమర్జెన్సీ లైటు ముందురోజే ఛార్జింగ్ పెట్టు. అయినా ఏదన్నా జరిగితే, కాలినచోట కుళాయి కింద పెట్టి ఇరవై నిమిషాలు నీళ్ళు వదులు. ఐసు వద్దు, పేస్టు వద్దు, వెన్న వద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళు, 108కి ఫోన్ చెయ్యి.

ఇంకా చాలా భయాలున్నాయి నాకు, విసుక్కోకు. బాత్రూమ్‌లో బకెట్లు ఖాళీ చేసి బోర్లించు. మూడేళ్ళ పిల్లలు తల్లకిందులుగా పడితే లేవలేరు. బాల్కనీలో కుర్చీ, స్టూలు ఏవీ ఉంచకు. బెడ్‌రూమ్ తలుపు పైన తువ్వాలు మడిచి వెయ్యి, మూసుకున్నా చిన్న వేళ్ళు నలగవు. గ్యాస్ బెలూన్లు కొనకు. వీధిలో అమ్మేవాటిల్లో చాలావరకు హైడ్రోజన్ నింపుతారు, కొవ్వొత్తి తగిలితే భగ్గుమంటుంది. ఆ స్నో స్ప్రే డబ్బా మీ ఆయన ఎంత సరదాపడినా కొవ్వొత్తి వెలుగుతుండగా నొక్కకూడదు, దానిలోని గ్యాసుకి మంట అంటుకుంటుంది. పగిలిన బుడగ ముక్కలు ఎప్పటికప్పుడు ఏరెయ్యి, నోట్లో పెట్టుకుంటారు. రిటర్న్ గిఫ్టుల్లో బటన్ బ్యాటరీ లైట్లు ఉంటే మానెయ్యి. మింగితే గొంతు దిగువన అన్నవాహికలో ఇరుక్కుని లోపల కాలిపోతుంది. రంగు పెన్సిళ్ళు ఇవ్వు చాలు.

ఆటలంటావా, కుర్చీలాట ఆ ఇంట్లో కుదరదు. చాప మీద కూర్చోబెట్టి పార్సిల్ ఆట ఆడించు. లేదా నువ్వు కథ చెప్పు. చిన్నప్పుడు నీ కథలు వినడానికి వీధిలో పిల్లలంతా మా అరుగు మీద చేరేవాళ్ళు, గుర్తుందా?

ఇంకో మాట ఉంది, ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు తరవాత మీ అన్నయ్యకి పుట్టినరోజే చెయ్యలేదు. గుళ్ళో అర్చన, ఇంట్లో చక్కెర పొంగలి, అంతే. వాడు ఫ్రెండ్స్‌ని పిలుస్తానంటే ఏదో ఒక వంక చెప్పేదాన్ని. పదకొండేళ్ళప్పుడు ఆల్బమ్ తిరగేస్తూ, “నా బర్త్‌డే ఫోటోలు మూడోదాకానే ఉన్నాయేమ్మా?” అని అడిగాడు. జవాబు చెప్పలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. తపేలా కింద పెట్టడం ఒక తప్పు. ఆ భయంతో ఎనిమిదేళ్ళ పండగలు వాడి దగ్గర లాగేసుకోవడం రెండోది. నువ్వు ఇంట్లో చేస్తున్నావని వినగానే భయం వేసినా, మానెయ్యమని నీకు ఫోన్ చెయ్యకపోవడానికి కారణం ఇదే. చెయ్యి తల్లీ. బాగా చెయ్యి.

శనివారం పొద్దున శాతవాహనకి బయల్దేరుతున్నాను, టికెట్ తీయించాను. నీ చిన్నప్పటి మందార చాప ఒకటి అటక మీద ఉంది, దులిపి తెస్తున్నాను. ఎనిమిది మంది సరిగ్గా పడతారు. వంటింటి గుమ్మానికి అడ్డంగా ఒక పీట వేసి ఉంచు. కేకు కోసి, అందరూ వెళ్ళేదాకా అక్కణ్ణుంచి లేవను. పాయసం కూడా కాసిని తియ్యి నాకు, చల్లారాక.

మీ పెద్దమ్మ