సెలూన్ పెడతానంటే నాన్న మాట్లాడటం మానేశారు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. వయసు 37. బీకాం చదివి ఒక ప్రైవేటు ఫైనాన్స్ ఆఫీసులో లెక్కలు చూస్తున్నా. ఏడాదిగా ఆదివారాలు పాతపట్నం వెళ్లి ఒక సెలూన్‌లో కటింగ్ నేర్చుకుంటున్నా. చేయి బాగుందని అక్కడి మాస్టారు అంటున్నారు. ఉద్యోగం మానేసి మా ఊళ్లోనే సొంతంగా సెలూన్ పెట్టాలని ఉంది. ఈ మాట చెప్పినప్పటి నుంచి నాన్న నాతో మాట్లాడటం లేదు. ‘మన ఇంటావంటా ఉందా ఈ పని? బంధువుల్లో తలెత్తుకోగలమా?’ అని అమ్మ దగ్గర అన్నారట. నగలు తాకట్టు పెడదామంటే మా ఆవిడ ఏడ్చేసింది. పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఇంట్లో ఇద్దరూ వద్దనే అంటున్నా, ఇద్దరి బాధా ఒకటి కాదు. మీ ఆవిడది భయం. నాన్నగారిది పరువు గురించిన దిగులు. ఇద్దరికీ ఒకే సమాధానం చెప్పబోతే ఎవరూ వినరు.

మీ ఆవిడ భయంలో న్యాయం ఉంది. ఆ నగల జోలికి వెళ్లకండి. పీఎంఈజీపీ అనే కేంద్ర పథకంలో సేవారంగం యూనిట్‌కు మొత్తం ఖర్చు రూ. 20 లక్షల వరకు ఉండొచ్చు. పట్టణంలో జనరల్ వర్గం వాళ్లు 10 శాతం సొంతంగా పెట్టుకుంటే 15 శాతం సబ్సిడీ వస్తుంది. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు సొంత వాటా 5 శాతం, సబ్సిడీ 25 శాతం. మిగిలింది బ్యాంకు అప్పు. అంటే రూ. 3 లక్షల షాపుకు మీ చేతి నుంచి పడేది రూ. 30 వేలు, లేదా అందులో సగం. సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే ఉండి తర్వాత అప్పులో జమ అవుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. ఇది కొత్త యూనిట్లకే. షాపు తెరిచేసి తర్వాత దరఖాస్తు పెడితే కుదరదు. జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి, ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారేమో కనుక్కోండి. ఇంకా చిన్నగా మొదలుపెట్టాలంటే ముద్రా రుణం ఉంది, శిశు విభాగంలో రూ. 50 వేల వరకు ఇస్తారు. ఏదైనా సరే, ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా పక్కన పెట్టి, ఆ పాసుపుస్తకం మీ ఆవిడ చేతికే ఇవ్వండి.

ఇక నాన్నగారి సంగతి. ఆయన నోట రాని మాట కులం. మంగలి పని తక్కువ పని అని ఆయనకు చిన్నప్పుడే ఎక్కించారు. ఆయన్ని ప్రేమించండి, కానీ ఆ మాటను మాత్రం ఒప్పుకోకండి. ‘ఇది అలాంటి షాపు కాదు నాన్నా, ఏసీ సెలూన్, పెద్ద క్లాస్’ అని నచ్చజెప్పాలనిపిస్తుంది. అలా అన్నారంటే పని తక్కువదేనని మీరూ ఒప్పుకున్నట్టే. మన వైపు పెళ్లిళ్లలో సన్నాయి ఊదింది నాయీబ్రాహ్మణులే. పుట్టువెంట్రుకలు తీసినా, పెళ్లికొడుకును చేసినా వాళ్ల చేయి పడాల్సిందే. శుభకార్యానికి పనికొచ్చిన చేయి ఇంట్లో కొడుకుకు ఉంటే అవమానం ఎలా అవుతుందని నెమ్మదిగా అడగండి. వెంటనే ఒప్పుకోరు. అడిగి ఊరుకోండి.

ఈ విషయంలో మీరూ ఆలోచించాల్సింది ఒకటుంది. తరతరాలుగా ఆ మాటలు పడుతూ ఆ పని చేసినవాళ్ల పక్కనే, బ్యాంకు అప్పుతో అద్దాల షాపు పెట్టబోతున్నారు. పని నేర్పిన మాస్టారు ఆ కుటుంబాల మనిషైతే ఆయనకు చెప్పి, ఆయన సలహా తీసుకునే మొదలుపెట్టండి. ఇప్పటికే షాపులున్న వీధి వద్దు. రేట్లు తగ్గించి వాళ్ల పొట్ట కొట్టకండి. పీఎం విశ్వకర్మ పథకం 2023లో సంప్రదాయ వృత్తుల వాళ్ల కోసం వచ్చింది, అందులో క్షురకులూ ఉన్నారు. అది వాళ్లది, దానికి మీరు వెళ్లకండి. మాస్టారికి తెలియకపోతే ఆ సంగతి మీరే చెప్పండి.

మరి మీరు సిద్ధంగా ఉన్నారా? ఆదివారం కుర్చీ దగ్గర నిలబడటం వేరు, వారమంతా పొద్దున్నించి రాత్రి దాకా నిలబడటం వేరు. నడుము, పిక్కలు చెప్పే మాట వినాలి. ఆఫీసులో సెలవు పెట్టి కనీసం రెండు వారాలు అక్కడే పూర్తిగా పనిచేయండి. గిరాకీ లేని రోజులూ చూడండి. మంగళవారం మన తెలుగువాళ్లు కటింగ్‌కు రారు, గురువారం లక్ష్మీవారమని ఒడియావాళ్లు చాలామంది రారు. మార్గశిర గురువారాల్లో ఇంకా తక్కువ. మీ ఊళ్లో ఆ రెండు రోజులూ షాపు ఖాళీగా ఉండొచ్చు, అద్దె మాత్రం ఆగదు. ఒడియావాళ్ల రజ పండుగ ముందు, పెళ్లి ముహూర్తాలప్పుడు ఊపిరాడదు. రెండు భాషలూ వచ్చిన మీకు అది కలిసొస్తుంది. రంగు వేయడం కూడా బాగా నేర్చుకోండి. కొందరికి అది పడదు, కొత్తవాళ్లకు 48 గంటల ముందు చెవి వెనక కాస్త రాసి చూశాకే వేయాలి. మనిషి మనిషికీ బ్లేడు మార్చడం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి.

ఆ రెండు వారాల్లో ఒక రోజు మీ ఆవిడను పాతపట్నం తీసుకెళ్లండి. మీరు పని చేస్తుంటే ఆమె కూర్చుని చూడాలి. సాయంత్రం గల్లాపెట్టె లెక్క ఆమె ముందే రాయండి, ఖర్చులు తీసేసి ఎంత మిగిలిందో ఆమెనే చెప్పమనండి. రాజీనామా కాగితం మాత్రం బ్యాంకు అప్పు మంజూరయ్యేదాకా రాయకండి.