గోతులు తవ్వడానికి అమెరికా వెళ్లాలా?

ప్రశ్న: నాకు ఖమ్మం జిల్లాలో ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ పూర్తి చేసింది. అమెరికాలోని ఇండియానాలో ఎమ్మెస్ సాయిల్ సైన్స్ సీటు వచ్చింది, ప్రొఫెసర్ రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ కూడా ఇస్తానన్నారు. హిమానీనదాలు వదిలేసిన మట్టి మీద ఏర్పడిన ఒండ్రు నేలల ధర్మాలు, వర్గీకరణ ఆమె టాపిక్ అట. మా దగ్గర ఉన్నవి చల్క, రేగడి. ఆ మంచు దేశం మట్టి చదివొచ్చి ఇక్కడేం చేస్తుంది? పైగా మట్టి గోతుల్లోకి దిగి పని చేయాలట. ఆడపిల్ల. మా బావమరిది కొడుకు డేటా అనలిటిక్స్ చేసి బాగున్నాడు. మా అమ్మాయికి కూడా ఇంకో యూనివర్సిటీలో ఆ సీటు ఉంది, కాకపోతే 40 లక్షల దాకా లోన్ తీసుకోవాలి. రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: అయ్యా, మీ ప్రశ్నలో మట్టి మూడుసార్లు వచ్చింది, మీ బావమరిది కొడుకు ఒకసారి వచ్చాడు. మీ అమ్మాయికి ఏది ఇష్టమో మాత్రం ఒక్కసారీ రాలేదు. ఇలాంటి ప్రశ్నలు నాకు ఏటా వస్తాయి, సబ్జెక్టు పేరు ఒక్కటే మారుతుంది. అందులో అసలు భయం చదువు గురించి కాదు. "మీ పాప ఏం చదువుతోంది?" అని రేపు పెళ్లిలో ఎవరైనా అడిగితే "మట్టి" అని చెప్పాలే అన్నది మీ ఇబ్బంది. "డేటా" అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. నేనేమీ తప్పు పట్టడం లేదు, కానీ ఆ రెండో ప్రశ్నను తప్పించుకోవడానికి 40 లక్షలు చాలా ఎక్కువ.

పోల్చమన్నారు కాబట్టి పోలుస్తాను. అంతకంటే ముందు ఆ మంచు మట్టి ఏమిటో చెప్పనివ్వండి. ఎరువులమ్మే మనిషికి ఇది తెలియకపోవడం బాగోదు.

సుమారు 20 వేల ఏళ్ల కిందట ఇండియానా నడిమి దాకా మంచు పలక కప్పి ఉండేది. అది కదులుతూ కిందున్న రాయిని నూరి, దొరికినదల్లా ఈడ్చుకొచ్చి, కరిగిపోతూ అక్కడే పడేసింది. ఆ సరుకును టిల్ అంటారు. నది అయితే జల్లెడ పట్టినట్టు బరువైనది ఒకచోట, తేలికది ఒకచోట వదులుతుంది. మంచుకు అంత ఓపిక లేదు, బండరాయి, గులక, ఇసుక, బంకమన్ను అన్నీ ఒకే ముద్ద. పైగా మంచు బరువుకి అది అణిగి గట్టిపడింది. ఆ తర్వాత కరిగిన నీళ్లు పారిన నదుల ఒడ్డున ఎండిన సన్నటి పొడిని గాలి ఎత్తుకొచ్చి దాని మీద పరిచింది. అది లోయస్. ఒండ్రు అనగానే మనకు గోదావరి వరద గుర్తొస్తుంది. ఇక్కడ మోసుకొచ్చింది గాలి.

ఇండియానా రాష్ట్ర నేలగా చెప్పుకునే మయామి నేల ఇలాంటిదే (ఫ్లోరిడాలోని ఊరికీ దీనికీ సంబంధం లేదు). పైన 18 అంగుళాల దాకా ఆ గాలి పొడి, కింద టిల్. 24 నుంచి 40 అంగుళాల మధ్య ఎక్కడో బాగా గట్టి టిల్ తగులుతుంది, వేర్లు దాంట్లోకి పెద్దగా దిగవు.

ఒండ్రు ఎలా ఉంటుందో మీ షాపులో కూర్చునే చూడొచ్చు. ఇంట్లోంచి చిటికెడు మైదా తెప్పించి వేళ్ల మధ్య రుద్దండి. ఎండిన ఒండ్రు అచ్చం అలాగే ఉంటుంది. తడిపితే నున్నగా జారుతుంది కానీ మన రేగడిలా వేలికి పట్టుకోదు. తడి రేగడిని బొటనవేలితో నొక్కుతూ పోతే పొడుగ్గా రిబ్బన్ వస్తుంది, ఒండ్రు అంగుళం రాకముందే తెగిపోతుంది. ల్యాబ్ లేకుండా పొలంలో నేల రకం చెప్పే పద్ధతి ఇదే, మీ అమ్మాయి దీన్ని కొన్ని వందల సార్లు చేస్తుంది. ఎంత సైజు రేణువును ఒండ్రు అనాలన్న లెక్క మాత్రం అక్కడికీ ఇక్కడికీ తేడా. మన పుస్తకాల్లో ఎక్కువగా వాడే అంతర్జాతీయ పద్ధతిలో 0.002 నుంచి 0.02 మిల్లీమీటర్ల దాకా ఒండ్రు. అమెరికా పద్ధతిలో అది 0.05 దాకా. అంటే 0.03 మిల్లీమీటర్ల రేణువు ఇక్కడ సన్న ఇసుక, అక్కడ ఒండ్రు. వెళ్లిన మొదటి నెలలో ఇది తికమక పెడుతుందని అమ్మాయికి చెప్పండి, టెన్షన్ పడకుండా ఉంటుంది.

ఈ నేల మంచిది కూడా, మొండిది కూడా. అడుగు లోతు సిల్ట్ లోమ్ (ఒండ్రు పాలు ఎక్కువున్న) మట్టి సుమారు రెండు అంగుళాల నీటిని మొక్కకు అందేలా పట్టి ఉంచుతుంది, అందుకే అక్కడ మొక్కజొన్న, సోయా అలా పండుతాయి. కానీ వాన పడి ఎండితే పైన పెచ్చు కడుతుంది, మొలక బయటికి రాలేదు. వాలు ఉంటే ఇట్టే కోసుకుపోతుంది. తడిగా ఉన్నప్పుడు ట్రాక్టర్ దింపితే అణిగిపోతుంది. ఇప్పుడు మీరు చెప్పండి, వాన తర్వాత పెచ్చు కట్టి ఆముదం, జొన్న మొలవక మళ్లీ విత్తనం కొనడానికి మీ షాపుకొచ్చే చల్క రైతు లేడా? ఆ జబ్బుకు ఇండియానా, ఖమ్మం అని తేడా లేదు.

నా దగ్గర సలహా తీసుకుని ఆ ప్రాంతానికే వెళ్లిన ఒకమ్మాయి మొదటి ఏడాది ఏప్రిల్‌లో వీడియో కాల్ చేసి పొలం చూపించింది. వాన వెలిసి రెండు రోజులైంది, పొలంలో ఇంకా నీళ్లు. ఒడ్డున తవ్విన గోతిలో పై రెండడుగుల నుంచి నీరు ఊరి కారుతోంది, కింద టిల్ మాత్రం ఇటుకలా పొడిగా ఉంది. నీళ్లు దాని నెత్తిన కూర్చుని దిగడం లేదు. ఆ టిల్‌కు కాస్త పైన, బూడిద రంగు మట్టిలో తుప్పు రంగు మచ్చలు. నీళ్లు ఏటా ఎక్కడిదాకా నిలుస్తాయో చెప్పే గుర్తు ఆ మచ్చలే. కింది టిల్ మీద పలచటి ఆసిడ్ చుక్క వేస్తే బుసబుస పొంగింది, మంచు నూరుకొచ్చిన సున్నపురాయి ఇంకా కరగకుండా ఉందన్నమాట. ఆమె నోట్‌బుక్‌లో పై పొరల పేర్లు మామూలు అక్షరాలతో ఉన్నాయి, గాలి పొడి అయిపోయి టిల్ మొదలైన చోటు నుంచి మాత్రం ప్రతి అక్షరం ముందు 2 అంకె. ఇక్కడి నుంచి పుట్టుకే వేరు అని చెప్పడానికి ఆ అంకె. పన్నెండు వారాలు చదివింది ఆ ఒక్క అంకె ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికే అని నవ్వింది. నాకైతే ముచ్చటేసింది.

వర్గీకరణ అంటే ఈ గోతిలో చూసినదంతా ఒక పేరులో ఇమడ్చడం. మయామి నేల పూర్తి పేరు చివర ఆక్సీఅక్విక్ హాప్లుడాల్ఫ్స్ అని ఉంటుంది. నోరు తిరగకపోయినా విడగొడితే తేలికే. మన ఇంటిపేరు ముందుంటుంది, ఈ నేలలది చివర. "ఆల్ఫ్" ఇంటిపేరు, అంటే ఆల్ఫిసాల్, పై పొరలోని బంకమన్ను కిందికి దిగి పేరుకున్న నేలల వర్గం. "ఉడ్" అంటే ఏడాదిలో ఎక్కువ కాలం తడి ఉండే వాతావరణం. ముందున్న ఆక్సీఅక్విక్ అంటే మీటరు లోతు లోపల ఏటా వరసగా 20 రోజులో, మొత్తం మీద 30 రోజులో నీళ్లు నిలుస్తాయని. ఇప్పుడు పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో దశాబ్దాలుగా ప్రయోగాలు జరుగుతున్న ఎర్రనేల చూడండి. దాన్ని రోడుస్టాల్ఫ్ అంటారు. "రోడ్" ఎరుపు, "ఉస్ట్" వానాకాలం తడి, మిగతా కాలం ఎండు. చివర మళ్లీ అదే "ఆల్ఫ్". మీ ఊరి చల్కల్లో చాలా భాగం ఆ ఇంటివే. మంచు మట్టి చదివి ఇక్కడేం చేస్తుందన్నారు కదా. అక్కడ నేర్చుకునేది ఒక మట్టిని కాదు, గోతిలో దిగి నేల చరిత్ర చదవడం. ఆ చదువుకు వీసా అక్కర్లేదు, ఎక్కడైనా పనికొస్తుంది.

ఇక డేటా. నాకు దీని మీద అనుమానాలున్నాయి, దాచుకోను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఏ డిగ్రీ చదివినవాళ్లైనా, కామర్సైనా సివిలైనా, అందరి నోటా ఇదే కోర్సు. ఏడాదిన్నరలో కాసిన్ని టూల్స్ నేర్చుకుని వస్తారు, కొలవడానికి సొంత సబ్జెక్టు ఉండదు. మొదటి మెట్టు ఉద్యోగాల్లో చేయించే పని ఇప్పుడు ఏఐ టూల్స్ చకచకా చేసేస్తున్నాయి. వ్యవసాయంలోనే డేటా అంటారా? మొక్కజొన్న కోసిన మెషీన్ మ్యాప్ ఇస్తుంది, పొలంలో ఒక మూల ఎర్రగా, అంటే దిగుబడి తక్కువ. స్క్రీన్ ముందు కూర్చున్నవాడు అక్కడ యూరియా పెంచమంటాడు. గోతిలో దిగినామెకు రెండడుగుల కిందే టిల్ తగిలి, మొక్క వేరు నీళ్లలో నానుతోందని తెలుస్తుంది, ఆమె డ్రైనేజీ పైపులు వేయించమంటుంది. యూరియా వేస్తే డబ్బు మురిగిపోతుంది. డ్రోన్ కెమెరాకు మట్టి లోపలికి రెండడుగులు చూసే చూపు లేదు.

అలాగని కంప్యూటర్ వద్దనడం లేదు. స్టాటిస్టిక్స్, ఆర్ (ఆ లెక్కలు చేసే ప్రోగ్రామింగ్ భాష), జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల పని) ఆ ఎమ్మెస్‌లోనే ఎలక్టివ్స్‌గా తప్పకుండా తీసుకోమనండి. మట్టి తెలిసినవాళ్లకు డేటా నేర్పడం ఏడాది పని. డేటా మాత్రమే తెలిసినవాళ్లకు మట్టి నేర్పడం నేనైతే ఇంతవరకు చూడలేదు.

డబ్బు సంగతికొస్తే నాకు కోపం వస్తోంది, క్షమించండి. ఒకవైపు మీ అమ్మాయికి పని ఇచ్చి, ఫీజు మాఫీ చేసి, నెలనెలా ఖర్చులకు జీతం ఇస్తామంటున్నారు. ఇంకోవైపు మీరు లోన్ తీసుకుని 40 లక్షలు కట్టాలి. ఊరికే వస్తోందంటే తక్కువది, అప్పు చేస్తే గొప్పది అనుకోవడం మనకు ఎక్కడ అలవాటైందో తెలియదు. అసిస్టెంట్‌షిప్ ఊరికే రాదండీ. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన అప్లికేషన్లలోంచి ఆ ప్రొఫెసర్ మీ పాపను ఏరుకున్నారు. మీరు ఆ మాటను ప్రశ్నలో మధ్యలో ఎక్కడో పడేశారు.

ఆడపిల్ల గోతుల్లోకి దిగడమా అన్నారు. మీ షాపుకొచ్చే రైతుల పొలాల్లో మోకాలి లోతు బురదలో నాట్లు వేసేది ఎవరు? అది తప్పు కానప్పుడు ఇది ఎలా తప్పయింది? అక్కడ పెద్ద గుంటలు మెషీన్‌తో తవ్విస్తారు, చాలాచోట్ల ట్రక్కుకు బిగించిన గొట్టంతోనే మట్టి పైకి తీస్తారు. పొలానికి గుంపుగా వెళతారు. చలికాలం నేల గడ్డకట్టుకుపోయాక పని అంతా ల్యాబ్‌లోనే.

ఇబ్బందులు లేవని నేనెందుకు చెప్పాలి? అమెరికా ప్రభుత్వ సాయిల్ సర్వే ఉద్యోగాలకు మామూలుగా ఆ దేశ పౌరసత్వం అడుగుతారు, అక్కడ సబ్జెక్టు ఎంత వచ్చినా తలుపు మూసే ఉంటుంది. ప్రైవేటులో పని ఉంది. ఇండియానాలో ఊరి బయట ఇల్లు కట్టి సెప్టిక్ సిస్టమ్ పెట్టాలంటే ముందు రిజిస్టర్డ్ సాయిల్ సైంటిస్టు మట్టి చూసి రిపోర్టు ఇవ్వాలి, ఎందుకంటే ఆ గట్టి టిల్ నీళ్లను దిగనివ్వదు. కానీ ఇలాంటి కంపెనీలు చిన్నవి, వీసా స్పాన్సర్ చేసేవి తక్కువ. జీతం సాఫ్ట్‌వేర్‌తో పోటీ పడదు. తిరిగొస్తే నాగపూర్‌లోని జాతీయ నేల సర్వే సంస్థ, భోపాల్‌లోని మృత్తికా విజ్ఞాన సంస్థ, యూనివర్సిటీలు ఉన్నాయి. వాటిలో సైంటిస్టు, లెక్చరర్ పోస్టులకు చాలావరకు పీహెచ్‌డీ దాకా వెళ్లాలి, నోటిఫికేషన్ల కోసం ఓపిగ్గా ఎదురుచూడాలి. అక్కడి డిగ్రీకి ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. రెండేళ్లలో సెటిల్ అయిపోవాలనే తొందర ఉన్న ఇంటికి ఈ దారి కష్టమే. అయితే అప్పు లేనివాళ్లు ఎదురుచూడగలరు, నెలకు 50 వేల వాయిదా నెత్తిన ఉన్నవాళ్లు చూడలేరు. నా పోలిక అంతా కలిపి ఈ ఒక్క తేడాయే, మిగతా మార్కులు మీరే వేసుకోండి.

ఇప్పుడు చేయాల్సిన పని. అమ్మాయిని ప్రొఫెసర్‌కు ఒక మెయిల్ రాయమనండి. అసిస్టెంట్‌షిప్ ఎన్ని సెమిస్టర్లకు గ్యారంటీ, వేసవి నెలల్లో కూడా డబ్బు ఇస్తారా, హెల్త్ ఇన్సూరెన్స్‌లో తన వాటా ఎంత, మాఫీ కాని ఫీజులు ఏమైనా ఉన్నాయా, ఇవన్నీ రాతపూర్వకంగా కావాలి. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ఉండే ప్రోగ్రాం కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉందో లేదో యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును అడగమనండి. ఉంటే చదువయ్యాక అక్కడ పని చేయడానికి ఇచ్చే ఏడాది అనుమతికి (ఓపీటీ) ఇంకో 24 నెలలు కలుస్తాయి. అసిస్టెంట్‌షిప్ ఆఫర్లకు అక్కడ చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా గడువిస్తాయి. మీ మెయిల్ నాకు ఏప్రిల్ 4న వచ్చింది. ఈ రాత్రికి షాపు కట్టేశాక ముందు అమ్మాయితో కూర్చుని మాట్లాడండి, బావమరిదికి తర్వాత ఫోన్ చేయొచ్చు.