సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొనబోతున్న మేనకోడలికి

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన కార్ల ఫొటోలన్నీ చూశాను. అన్నీ తళతళలాడుతున్నాయి. తల్లీ, పాలిష్ కొట్టిస్తే ఏ బండైనా అలాగే ఉంటుంది. అంత డబ్బు పోస్తున్నప్పుడు మనం ముందుగా తెలుసుకోవాల్సింది ఆ బండి ఇన్నేళ్లూ ఎక్కడ తిరిగింది, ఎవరు నడిపారు, దానికి ఏమేం జరిగాయి అన్నది. ఏ కంపెనీ, ఏ రంగు అన్నవి ఆ తర్వాత.

ఎత్తు బండే కావాలన్న నీ నిర్ణయం మంచిదే. అక్కయ్య మోకాళ్లతో చిన్న కారులో కూర్చుని లేవడానికి పడే అవస్థ నేను చూస్తూనే ఉన్నాను. సీటు నడుము ఎత్తులో ఉంటే ఎక్కడం, దిగడం చాలా తేలిక.

నువ్వు పంపిన వాటిలో బీఎస్6, అంటే కొత్త కాలుష్య నియమాల ప్రకారం తయారైన డీజిల్ బండ్లు ఉన్నాయి. వాటిని మాత్రం పక్కన పెట్టెయ్. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన ఈ డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా వేగంగా పోవాలి. నిజాంపేట నుంచి గచ్చిబౌలి దాకా ఫస్ట్ గేర్, సెకండ్ గేర్‌లో పాకే బండికి ఆ యోగం ఎక్కడిది? మసి పేరుకుని డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. పట్టించుకోకపోతే పికప్ పోతుంది, ఆ తర్వాత ఖర్చు మామూలుగా ఉండదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది కదా, అప్పుడప్పుడూ ఎక్కి ఒక అరగంట తోలితే సరిపోతుందని అంటారు. నిజమే, కానీ ఆఫీసు పనితో నీకు అంత తీరిక ఉండదు. రోజూ సిటీలో తిరిగి, నెలకోసారి సూర్యాపేట వెళ్లొచ్చే నీకు పెట్రోలే సరి.

ఆటోమేటిక్ తీసుకుంటే అందులో ఏ రకమో అడుగు. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్స్‌కే గేర్లు వాటంతటవే మారే ఏర్పాటు. అది చవక, కానీ గేరు మారినప్పుడు కాస్త కుదుపు ఉంటుంది. రెండు క్లచ్‌లుండే డీసీటీ నడుస్తుంటే వెన్నలా ఉంటుంది. అయితే మన ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరుపుతూ పోతే లోపలి క్లచ్‌లు వేడెక్కుతాయి. అది కొంటే, ముందు బండికి కొంచెం జాగా వదిలి, ఆ జాగా వచ్చాక ఒకేసారి కదిలే అలవాటు చేసుకోవాలి. ఏదైనా సరే, జూబ్లీహిల్స్ ఎత్తుల మీద ఆపి, మళ్లీ కదిలించి చూడకుండా మాట ఇవ్వకు. ఇంజిన్ మోత పెరిగి, బండి మాత్రం ఈడ్చుకుంటూ పోతుంటే క్లచ్ అయిపోవచ్చిందని అర్థం.

ఇక అసలు సంగతి, నీళ్లు. మన హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు అన్నిటికన్నా ముందు భయపడాల్సింది దీనికే. 2020 అక్టోబర్ వానలు గుర్తున్నాయి కదా. సెల్లార్లలో పెట్టిన కార్లు టాపు దాకా మునిగాయి. ఆ ఒక్క ఏడాదే కాదు, గట్టి వాన పడ్డప్పుడల్లా ఎక్కడో ఒక సెల్లార్ నిండుతూనే ఉంది. ఆ బండ్లన్నీ తుక్కుకి పోలేదు. ఆరబెట్టి, సీట్లు కడిగించి, సెంటు కొట్టి అమ్మినవీ ఉన్నాయి.

పోయినేడాది మా కాలనీలో ఒకాయన కోసం అత్తాపూర్ వైపు ఒక బండి చూడటానికి వెళ్లాం. లోపల కొత్త కార్పెట్, కొత్త సీటు కవర్లు, ఘాటైన పెర్ఫ్యూమ్. నేను డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని ఇంక రాదనే దాకా లాగాను. పైనున్న భాగం నల్లగా శుభ్రంగా ఉంది. చివరి జానెడు మాత్రం మట్టిరంగుకి తిరిగి, వేలితో రుద్దితే పొడి రాలింది. సీటు కింద టార్చ్ వేస్తే పట్టాలు, బోల్టులు తుప్పు. ఓనర్ ఏదో చెప్పబోయాడు, మేం నమస్కారం పెట్టి వచ్చేశాం. నువ్వూ వెళ్లినచోటల్లా నాలుగు బెల్టులూ అలాగే లాగి చూడు. బెల్టు కింది లేబుల్ మీద తయారీ తేదీ ఉంటుంది. బండి 2018ది, బెల్టు 2021ది అయితే ఎందుకు మార్చాల్సి వచ్చిందో అడుగు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో చెయ్యి పెట్టి చూడు. మట్టి అక్కడ దాక్కుంటుంది, కడిగేవాళ్లకు గుర్తుండదు.

యాక్సిడెంట్ అయిన బండిని పట్టుకోవడం ఇంతకంటే తేలిక. అద్దాల మూలల్లో చిన్న అక్షరాలతో కంపెనీ పేరు, తయారీ గుర్తులు ఉంటాయి. ఒక్కటి మిగతావాటితో కలవకపోతే అది మార్చిన అద్దం. బానెట్, డోర్ల బోల్టుల మీద పానా పెట్టి తిప్పిన గీతలున్నాయేమో చూడు. బంపర్‌కి టచప్ చేయించారంటే పర్వాలేదు, మన రోడ్ల మీద అది తప్పదు. పైకప్పును మోసే పిల్లర్లకు డెంటింగ్ చేసి ఉంటే మాత్రం వద్దు. టాటా నెక్సాన్‌కి 2018లో, మహీంద్రా ఎక్స్‌యూవీ300కి 2020లో, కార్లను గుద్దించి భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ ఐదు స్టార్లు ఇచ్చిందని నువ్వు రాశావు. ఆ స్టార్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బాడీకి, షెడ్డులో అతికించిన బాడీకి కాదు.

తక్కువ తిరిగినట్టు కనపడాలని కిలోమీటర్ల మీటర్ వెనక్కి తిప్పడం చాలా మామూలైపోయింది. 35 వేల కిలోమీటర్లే తిరిగిందంటూ బ్రేక్ పెడల్ రబ్బరు అరిగిపోయి, స్టీరింగ్ నున్నగా మెరుస్తుంటే నమ్మకు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు నమోదైందో ఓనర్‌నే అడిగి తెప్పించమను. తెప్పించడానికి వెనకాడితే అదే జవాబు అనుకో.

బేరానికి ముందు కొత్త బండి రేటు తెలుసుకో. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కొత్త కార్ల మీద పన్ను, సెస్సుతో కలిపి ఉన్న 29 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. చాలామంది ఓనర్లు ఇంకా తాము కొన్నప్పటి రేటు మనసులో పెట్టుకునే అడుగుతున్నారు. కొత్తది ఇప్పుడు ఎంతకొస్తుందో మర్యాదగా గుర్తు చెయ్యి.

ఢిల్లీ బండి చవగ్గా వస్తోందని ఆశపడకు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టాక ఆ బండ్లు ఇటు వస్తున్నాయి. అక్కడి నుంచి అభ్యంతరం లేదనే కాగితం, ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఆర్టీఏ చుట్టూ తిరగాలి. మిగిలిందనుకున్నది అంతా దానికే పోతుంది.

ఇక కాగితాలు. నంబర్ కొట్టి కేంద్ర రవాణా శాఖ సైట్ పరివాహన్‌లో నువ్వే చూసుకో, ఎన్నో ఓనర్, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా అన్నీ తెలుస్తాయి. చలాన్లు తెలంగాణ పోలీసుల సైట్‌లో చూసి, ఓనర్ చేతే కట్టించు. ఫైనాన్స్ ఉంటే బ్యాంక్ ఎన్ఓసీ, ఆర్సీలో ఫైనాన్స్ తీయించే ఫారం 35 చేతికి వచ్చేదాకా బయానా తప్ప ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వకు. ఫారం 29, 30 మీద సంతకాలు చేయించి, పేరు మార్పిడి నువ్వే దగ్గరుండి చూసుకో. ఇన్సూరెన్స్ నీ పేరుకి మార్చమని 14 రోజుల్లోపు అర్జీ పెట్టాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే వెళ్లిపోతుంది కాబట్టి ప్రీమియం కొంచెం పెరుగుతుంది, కంగారు పడకు. నీళ్లు పోయి ఇంజిన్ పాడైతే ఆదుకునే ఇంజిన్ ప్రొటెక్ట్ కూడా ఇన్సూరెన్స్‌తో పాటు తప్పకుండా తీసుకో.

ఎందుకంటే ఎత్తు బండి కదా అని చాలామంది నీళ్లలోకి దింపేస్తారు. గ్రౌండ్ క్లియరెన్స్ స్పీడ్ బ్రేకర్లకి, గుంతలకి పనికొస్తుంది, వరదకి కాదు. గాలి లాక్కునే గొట్టంలోంచి నీళ్లు ఇంజిన్‌లోకి పోతే లోపలి రాడ్లు వంగిపోతాయి. నీళ్లలో బండి ఆగితే సెల్ఫ్ కొట్టకు. ఎంత టెన్షన్‌గా ఉన్నా దిగి టోయింగ్ వాళ్లను పిలువు.

బండి చేతికి రాగానే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించెయ్. టైర్ల పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటినవైతే గాడి ఎంత లోతుగా ఉన్నా మార్చు. ఇందుకు కొంత డబ్బు ముందే పక్కన పెట్టుకుని, ఆ మిగిలిన దానిలోనే బేరం చెయ్యి.

శనివారం బండి చూడటానికి నేనూ వస్తాను. పొద్దున ఏడింటికే అని ఓనర్‌కి చెప్పు. మనం వెళ్లేదాకా స్టార్ట్ చెయ్యొద్దని కూడా గట్టిగా చెప్పు. చల్లటి ఇంజిన్ మొదటిసారి అందుకునేటప్పుడు శబ్దం వినాలి, సైలెన్సర్ పొగ చూడాలి. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోందని, తెల్లగా ఎంతసేపటికీ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి పోతోందని. బానెట్ మీద చెయ్యి పెట్టినప్పుడు వేడిగా తగిలితే ఆ రోజుకి వచ్చేద్దాం, ఇంకో పొద్దున వెళ్దాం.

మీ మామయ్య